మొదటి గ్లాసు

"ఆ గ్లాసు నాకిప్పించు బాబూ" అంది గుమ్మంలో నిలబడ్డ ముసలావిడ.

నీళ్ళ ప్లాంటు ఇన్‌ఛార్జి గ్లాసు వెనక్కి లాక్కున్నాడు. రోజూ ఉదయం, శుద్ధి చేసిన నీళ్ళలో మొదటి గ్లాసు డ్యూటీలో ఉన్నవాళ్ళే తాగాలి. ఆ తర్వాతే ఊరికి వదలాలి. అక్కడ ఆ మాటకు తిరుగులేదు.

"కుదరదు మామ్మగారూ. రూలు."

"ఎవరు పెట్టారేం?"

"ఎవరో పెద్దాయన. ఆయన మాట మేం జవదాటం. బయట పంపుంది, తాగండి."

ఆమె నవ్వింది. సంచిలోంచి గాజుసీసా తీసి పంపు కింద పట్టి, ఒక కన్ను మూసి ఎండకేసి చూసింది. వాసన చూసి, తాగింది.

"ఆకులు రాలే కాలం. చెరువు నీళ్ళు రంగు మారుంటాయి. క్లోరిన్ మొదట్లోనే కలిపేస్తున్నారా?"

"మొదట్లోనే. దండిగా! నా హయాంలో ఒక్కరికీ విరేచనాలు పట్టుకోలేదు" అన్నాడు ఛాతీ విరుచుకుని.

ల్యాబ్ అమ్మాయి నసిగింది. "కానీ సార్, ఆకుల కుళ్ళు, క్లోరిన్ కలిసి ఏవేవో రసాయనాలు పుడుతున్నాయి. ఏళ్ళ తరబడి తాగితే ప్రమాదం. ఈసారి కూడా పరిమితి దాటితే ప్లాంటు మూయిస్తారు."

ఇంటిగుట్టు బయటపెట్టినందుకు ఇన్‌ఛార్జి ఆ పిల్లను కొరకొరా చూశాడు.

"క్లోరిన్ తగ్గిస్తే క్రిములు చావవు. ఏం చెయ్యమంటావ్?"

"తగ్గించకు. చోటు మార్చు" అంది ముసలావిడ. "ముందు మురికిని అడుక్కి దిగనియ్. వడకట్టు. ఆఖర్న కలుపు. కలవడానికి కుళ్ళే లేకపోతే ఆ రసాయనాలు ఎక్కడ పుడతాయి?"

"మామ్మగారూ, ఇది మీ వంటింట్లో బిందె కాదు."

"బిందె అయితే నిన్ను అడుగుతానా? నేనే మార్చేదాన్ని" అంటూ, గ్లాసు వైపు ఇంకోసారి చూసి వెళ్ళిపోయింది.

ఇన్‌ఛార్జి రెండు రోజులు సణిగాడు.

"ఒక్కసారి చేసి చూద్దాం సార్" అంది ల్యాబ్ అమ్మాయి.

"దారిన పోయే ఆవిడ మాట మీదా?"

"మూతపడేది మన ప్లాంటే కదా సార్."

ఆ మాట సూటిగా తగిలింది. క్లోరిన్ గొట్టాన్ని ఫిల్టర్ల అవతలికి మార్పించాడు. ల్యాబ్ అమ్మాయి వీధి వీధికీ తిరిగి కుళాయి నీళ్ళు పరీక్షించింది. క్రిములు లేవు. తర్వాతి పరీక్షలో రసాయనాలూ పరిమితిలోకి దిగాయి.

ఇన్‌ఛార్జి గాలిలో తేలిపోయాడు. తనిఖీకి వచ్చిన చీఫ్ ఇంజనీరుతో ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ఈసారి ఆ మామ్మగారు కనిపిస్తే కుర్చీ వేసి కూర్చోబెడతాను సార్."

"సీసా ఎండకు పట్టి, ఒక కన్ను మూసి చూశారా?"

"మీకెలా తెలుసు?"

చీఫ్ ఇంజనీరు బయటి పంపు వైపు చూశాడు.

"ఈ ప్లాంటులో నాకు పని నేర్పింది ఆవిడే. ఈ ఊరొదిలి చాలా ఏళ్ళయింది. చివరిసారి చూసుకుందామని వచ్చుంటారు. పోయిన వారమే కన్నుమూశారు."

ఇన్‌ఛార్జి చూపు బల్ల మీది గ్లాసు మీద పడింది. "ఒకే ఒక్క గ్లాసు అడిగారు సార్. రూలంటూ ఇవ్వలేదు."

"బాధపడకు. ఎంత మురిసిపోయి ఉంటారో! అప్పట్లో ఊళ్ళో కలరా ప్రబలి, క్లోరిన్ కలిపిన నీళ్ళంటే విషమని జనం హడలిపోతుంటే, అందరి ముందూ మొదటి గ్లాసు తాగి ఆ రూలు పెట్టింది ఆవిడే."