కిటికీ పక్క బల్ల

అసోగ్వాకి కెమిగిషా మీద ఒళ్ళు మంట.

న్సుక్కా యూనివర్సిటీ గేటు ఎదురుగా అతని క్యాంటీను. లెక్చరర్ల సమ్మెతో బేరాలు అసలే పడిపోయాయి. పైగా ఉన్న ఒక్క మంచి బల్లని, కిటికీ పక్కన ప్లగ్గు ఉన్నదాన్ని, ఈ ఉగాండా ఆవిడ ఆక్రమించింది. పొద్దున ఒక టీ. సాయంత్రం దాకా అదే టీ. సిగ్నలు అందేది అక్కడేనని, ఫోను మాట్లాడాలంటే గుమ్మం కూడా ఆవిడదే.

"ఏమ్మా, పనీపాటా లేదా నీకు?"

"ఉండేది ఓగా," అంది ఆవిడ. ఓగా అంటే ఇక్కడివాళ్ళ మాటలో యజమాని. " ఇక్కడ పాఠం చెప్పమని పిలిచారు. వచ్చేసరికి గేటుకి తాళం."

"తాళం గేటుకి పడితే శిక్ష నా బల్లకా?"

ఆవిడ పకపకా నవ్వింది. తిడితే నవ్వేవాళ్ళని ఏం చేస్తాం?

అంతలో అమూచే పరుగెత్తుకొచ్చింది. ఫిజిక్సులో పరిశోధన చేస్తున్న పిల్ల. సమ్మె మొదలైనప్పటి నుంచి ఆమె చదువూ ఈ క్యాంటీన్లోనే.

"బాబాయ్, నా గెలాక్సీ భగ్గుమంది!"

"నీళ్ళు కావాలా?"

"జోకులొద్దు. దాని నడుమ బ్లాక్ హోల్ ఉందన్నానే, అది ఉన్నట్టుండి రేగింది. ఈ వారంలోనే ఎక్స్-రే టెలిస్కోపుతో చూడాలి. తర్వాత చల్లారిపోతుంది. నా పీహెచ్‌డీ కూడా."

"చూడు మరి."

"అది అంతరిక్షంలో ఉంది, మన మిద్దె మీద కాదు! అడిగాను. ఈ వారం టెలిస్కోపు గంటలన్నీ ఎప్పుడో ఎవరెవరికో ఇచ్చేశారట. ఎవరైనా తమ వంతు వదులుకుంటే తప్ప కుదరదన్నారు."

"వదులుకుంటారు, వదులుకుంటారు. బస్సులో మూరెడు జాగా జరగమంటేనే మొహం తిప్పుకుంటారు!"

కెమిగిషా బెంచీ మీద జరిగింది. "ఇలా కూర్చోమ్మా. ఏదీ, ఎంత రేగింది?"

అమూచే ల్యాప్‌టాప్ తిప్పి చూపించింది. ఆవిడ చూసి తలూపింది. కాసేపటికి ఫోను పట్టుకుని మళ్ళీ గుమ్మంలో నిలబడింది.

"వచ్చేపోయేవాళ్ళు నీ మీంచి దూకాలా?" అని అరిచాడు అసోగ్వా.

మర్నాడు అమూచే పెట్టిన కేకకి ఆవిరి మీద ఉడికిన పిండివంట, ఒక్పా పొట్లాల గంప అతని చేతిలోంచి జారబోయింది.

"ఇచ్చారు బాబాయ్! ఎవరో తమ వంతు వదులుకున్నారట!"

"ఎవరా పిచ్చిమాలోకం?"

"పేరు చెప్పలేదు!"

వారం తిరక్కముందే టెలిస్కోపు చూసిందంతా వచ్చేసింది. కెమిగిషా తన వైరు పీకి అమూచే వైరు ప్లగ్గులో పెట్టింది. తెర మీద ఒక గీత. దాని మధ్యలో మూపురం, ఎడమకి సాగి.

"ఏంటా బొడిపె?"

"ఇనుము బాబాయ్, ఇనుము!"

"అక్కడ ఇనుమా? మా రేకుల షెడ్డులో ఉండేదే?"

"అదే! ఇలా పక్కకి సాగిందంటే బ్లాక్ హోల్ గిర్రున తిరుగుతున్నట్టు. ఇన్నాళ్ళూ నేను మొత్తుకున్నది ఇదే!"

అసోగ్వాకి సగం కూడా అర్థం కాలేదు. అయినా రేడియో గొంతు పెంచి, వేడి ఒక్పా అందరికీ పంచేశాడు. బస్సు డ్రైవర్లు, టమాటాలమ్మే ఆడవాళ్ళు, అందరూ గంతులే. అందరికన్నా ఎక్కువ కెమిగిషా, చెప్పు తెగేదాకా.

"నీకెందుకమ్మా ఇంత సంబరం? అదేమైనా నీ గెలాక్సీయా?"

"సంబరం ఊరికే దొరుకుతుంటే వదులుకుంటామా ఓగా?"

ఆ సాయంత్రమే ఆవిడ లాగోస్ బస్సెక్కింది. అసోగ్వా చెయ్యైనా ఊపలేదు. హమ్మయ్య అనుకుని బల్ల తుడుచుకున్నాడు.

మర్నాడు సమ్మె ముగిసింది. ఫిజిక్సు హెడ్డు రొప్పుతూ వచ్చాడు.

"ఉగాండా ప్రొఫెసరు గారేరీ?"

"నిన్ననే పోయింది సార్. నా బల్ల నాకు దక్కింది."

ఆయన అదే బల్ల దగ్గర, ల్యాప్‌టాప్ సర్దుకుంటున్న అమూచే పక్కన కూలబడ్డాడు. "థాంక్సని ఒక్క మాట చెప్పుకోనివ్వలేదే! టెలిస్కోపు వాళ్ళు ఇప్పుడే ఫోన్లో నోరు జారారు, అమూచే."

ఒక్క టీతో రోజంతా నవ్వుతూ కూర్చున్న ఆవిడ తన గెలాక్సీ కోసం నాలుగేళ్ళు అడగ్గా అడగ్గా దక్కించుకున్నదీ, ఆ గుమ్మంలో నిలబడి అమూచేకి ఇచ్చేసిందీ ముప్పై ఆరు గంటలు.