ఆకాశమే కప్పు

తెలుగు మాస్టారు సెలవుచీటీని జెండాలా పైకెత్తి, తరగతినంతా ఒకసారి కలయజూశారు.

"అలంకారం లేనిదే సెలవివ్వనన్నందుకు వారం రోజులుగా నా బుర్ర తింటున్నారు. ఒకడి జ్వరం నిప్పులాంటిదట, ఒకడి కడుపునొప్పి పులిలాంటిదట! ఇదిగో, మన మౌనమ్మ ఏం రాసిందో వినండి."

చివరి బెంచీలో ఆ పిల్ల లేచి నిలబడింది. నోరు విప్పదని ఆ పేరు పెట్టింది మాస్టారే.

"'మా ఇంటికి ఆకాశమే కప్పు. మధ్యాహ్నం సెలవు ఇప్పించండి.' ఆహా! ఆకాశానికీ కప్పుకీ భేదమే లేకుండా చేసేసింది. దీన్నేమంటార్రా?"

"రూపకం సార్!"

"మరి కొట్టండి చప్పట్లు!"

గది దద్దరిల్లిపోయింది. పిల్ల మాత్రం కిటికీలోంచి కమ్ముకొస్తున్న మబ్బునే చూస్తోంది.

"ఇంత చక్కటి మాట నీకెలా తట్టిందమ్మా?"

"నిన్న గాలికి రేకులన్నీ లేచిపోయాయి సార్. అమ్మ ఒక్కతే, తమ్ముణ్ణి గొడుగు కింద పెట్టుకుని కూర్చుంది."

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

మాస్టారు చీటీ వంక చూసుకున్నారు. ఎర్రసిరాతో పదికి పది వేసి ఉంది. సెలవిచ్చినట్టు మాత్రం ఎక్కడా లేదు. గబగబా సంతకం గీకారు. అది చాలదనిపించింది. ఇంకేం చెయ్యాలో పాలుపోక, మూలనున్న తన గొడుగు తెచ్చి పిల్ల చేతిలో పెట్టబోయారు.

"గొడుగు ఉంది సార్," అంది పిల్ల మెల్లగా. "కప్పే లేదు."