జపమాల అయ్యేదాకా

"రేపల్లె వెళ్ళాల్సినవాళ్ళం బాపట్లలో దిగాం!" బ్రదర్ చిన్నప్ప, మఠంలో కొత్తగా చేరిన ఇన్నయ్య మీద విరుచుకుపడ్డాడు. "తెనాల్లో ఎక్కేటప్పుడు బస్సు బోర్డు చూళ్ళేదా?"

"బస్సు కదిలాక చూశానండి."

"మరి నోరు పడిపోయిందా?"

"ఎక్కగానే జపమాల మొదలెట్టి, అయ్యేదాకా వేరే మాటొద్దన్నారు కదండీ."

"జపం అరగంటేగా! తర్వాతైనా చెప్పొద్దూ? అక్కడ ఫాదర్‌గారు ఎదురుచూస్తుంటారు. నీకు మఠం కుదరదు. రేపే ఇంటికి పంపేస్తా!"

ఇన్నయ్య తల దించుకున్నాడు. "జపం ఇంకా అవలేదండి. ఐదు దేవరహస్యాల్లో మూడోదాని దగ్గర కిటికీకి తల ఆనించి మీరు నిద్రపోయారు. లేస్తారని ఆగాను."

చిన్నప్ప చేతిలోని జపమాల చూసుకున్నాడు. బొటనవేలు ఇంకా ఆ మూడోదాని పూస మీదే ఉంది.

"రేపల్లె బస్సులో," అన్నాడు చిరాగ్గానే, "కిటికీ పక్కన నువ్వు కూర్చో."