కుప్ప మీద దొరికిన దొర

ఉమ ఫోన్ పట్టుకుని తమ గడీ బంగళా అరుగు మీదికి వచ్చేసరికి ముసలి సత్తెమ్మ స్తంభం పక్కన కూర్చుని ఉంది.

"నాయినా, హైదరాబాదు నుంచి రిపోర్టు వచ్చింది," అంది ఉమ.

ఆమె తండ్రి చంద్రశేఖర్ దొర కుర్చీలోంచి ముందుకు వంగాడు. ఎదురు కుర్చీలో అతని చిన్నాయన కొడుకు వంశీ కాలు మీద కాలు వేసుకున్నాడు.

రగడంతా వంశీదే. వంశచరిత్ర పుస్తకం అచ్చు వేయిద్దామని చంద్రశేఖర్ అంటే, "ముందుగాల నువ్వు మా వంశమో కాదో తేలాలె గదనే అన్నా," అన్నాడు. కాదని తేలితే చంద్రశేఖర్ గడీ వదిలిపోవాలన్నాడు. ఇద్దరూ సీసాల్లో ఉమ్మి పట్టి డీఎన్ఏ పరీక్షకు పంపారు.

అనుమానం ఊరికే పుట్టలేదు. వెనుకటికి చంద్రశేఖర్ తండ్రి పెద్దదొరకు, దొరసానికి పిల్లలు పుట్టినవాళ్లు పుట్టినట్టే పోయేవారు. అందుకని ఆ తర్వాతి బిడ్డను పుట్టగానే చేటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలారు. గడీలో పనిచేసే సత్తెమ్మ ఎత్తుకుపోయింది. అప్పటికే ఆమె ఒళ్లోనూ ఓ పసికందు ఉన్నాడు. ఇద్దరికీ పాలిచ్చింది. చంద్రశేఖర్ అని పేరు పెట్టేనాడు దొరసాని చేటెడు తవుడు పోసి బిడ్డను కొనుక్కుంది; ఇంకో బిడ్డ చెన్నయ్యగా సత్తెమ్మ దగ్గరే పెరిగాడు. కొన్న బిడ్డను యముడు ముట్టడని వాళ్ల నమ్మకం.

"గీ ముసల్ది పిల్లగాన్ని మార్చలేదని ఏం గ్యారంటీ?" వంశీ వేలు చూపించాడు.

సత్తెమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. చంద్రశేఖర్ వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"పరేషాన్ గాకు అవ్వా. నేనున్న గద," అన్నాడు.

ఉమ చదివింది. "ఇద్దరిదీ ఒకటే వంశం. అనుమానమే లేదట!"

వంశీ మొహం మాడిపోయింది. చెప్పులు తొడుక్కుని కారెక్కాడు.

"తల్లి దిక్కు సూడలేదా బిడ్డా?" అడిగింది సత్తెమ్మ.

"లేదవ్వా. దొరల వంశం గద, తండ్రి వరసే సూడమన్నరు. పుస్తకంల గూడ అమ్మల పేర్లు ఏస్తలేరు," అంది ఉమ.

సత్తెమ్మ కొంగుతో చెమట తుడుచుకుని ఇల్లు చేరింది. చేను నుంచి వచ్చిన చెన్నయ్య కంచం ముందు కూర్చున్నాడు.

"ఏమాయెనే అమ్మా?"

"ఏం గాలే. దొర దొరనే అని తేలింది. తిను."

ఇద్దరూ పెద్దదొరకే పుట్టిన ఆ పసివాళ్లలో తన కడుపున పడ్డవాణ్ణి తవుడుకు అమ్మి, దొరసాని కన్నవాణ్ణి తన దగ్గర ఉంచేసుకున్న సత్తెమ్మ, చెన్నయ్య కంచంలో ఇంకో జొన్నరొట్టె వేసింది.