వెంట్రుకవాసి

“దాసి తల ఎందుకు లేచింది?” తెర మీద బొమ్మను ఆపి అడిగాడు అన్నయ్య. మట్టిబొమ్మల సినిమా తీస్తున్నది అతనే. బొమ్మను కాస్త కదపడం, ఒక ఫొటో తీయడం, మళ్ళీ కాస్త కదపడం చెల్లెలి పని.

“నేనే ఎత్తాను,” అంది చెల్లెలు, వేళ్ళకంటిన మట్టి నలుపుకుంటూ.

“రాజు తిడుతుంటే అది తల వంచుకుని పడుండాలని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదే.”

“వంచుకునే మొదలెట్టింది. తిట్లు పడీ పడీ దానికే విసుగొచ్చినట్టుంది.”

“పొద్దుట్నుంచీ నీ పక్కనే ఉన్నాను. ఎప్పుడెత్తావ్?”

“నువ్వు చూస్తుండగానే. ఒక్కో ఫొటోకి వెంట్రుకవాసి చొప్పున. ఒక్కసారిగా ఎత్తితే ఊరుకునేవాడివా?”

అన్నయ్య మళ్ళీ మొదటినుంచి చూశాడు. రాజు చిందులు తొక్కుతున్నాడు. దాసి నిదానంగా తలెత్తి, చివరికి అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

అన్నయ్య గుడ్లురుముతూ చెల్లెలి వైపు తిరిగాడు. అలాంటప్పుడు నేల చూపులు చూడటం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఈసారి చూపు దించబుద్ధి కాలేదు.

ముందు అతనే తెర వైపు తిరిగాడు.

“రేపు మళ్ళీ తీద్దాం,” అన్నాడు, గొంతు తగ్గించి.

“తీద్దాం అన్నయ్యా. దాని మెడ కదిపేది మాత్రం నేనే.”