కిటికీలో రాత్రులు

ఏడాది పిల్ల ఆల్చిప్పను నోట్లో పెట్టుకోబోయింది.

తల్లి ఒక్క ఉదుటున లాక్కుంది.

"ఎన్నిసార్లు చెప్పాను పెద్దమ్మా, ఈ చిప్పలు కిటికీలో పెట్టొద్దని!"

ఇల్లు ఊడుస్తున్న ముసలామె చీపురు ఆపింది.

"పారెయ్యకు తల్లీ. అవి రాత్రులు."

"రాత్రులా?"

"తెల్లవి అద్దెకొచ్చినవాళ్ళు పడుకున్నవి. నల్లవి మీరు పడుకున్నవి. రాత్రికో చిప్ప."

ప్రతి చిప్ప లోపలా పెన్సిలుతో సన్నగా తేదీ.

భర్త నవ్వాడు. "మనవే నల్లగా ఉన్నాయేం? పిల్లది నిద్రపోనివ్వదని ఈవిడక్కూడా తెలిసిపోయిందా?"

తల్లికి నవ్వు రాలేదు. చిప్ప పిల్ల గొంతుకి అడ్డం పడుంటే?

"రేపట్నుంచి పనికి రావద్దు," అంది.

ముసలామె చిప్పలన్నీ బుట్టకెత్తి మెట్ల కింద పెట్టింది. ఖాళీ కిటికీ గట్టును అరచేత్తో ఒకసారి నిమిరి, పడవెక్కి వెళ్ళిపోయింది.

అది పరాయి దేశంలో, చిన్న దీవి మీద, ఐదేళ్ళ కిందట వేలంలో కొనుక్కున్న సెలవుల ఇల్లు. కొన్న వారమే ముసలామె తనంతట తానొచ్చి పనికి కుదిరింది. పొద్దున్నే మంచులో ఆ ఇల్లు నీళ్ళ మీద తేలుతున్నట్టుండేది. ఏ దిగులూ లేకుండా తల్లికి నిద్ర పట్టేది అక్కడొక్కచోటే.

ఆ ఏడు చివర్లో, ఆ దేశపు పన్ను ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

"అద్దె మీద పన్ను ఇక్కడ, మన దేశంలో కడుతూనే ఉన్నాంగా!" అన్నాడు భర్త ఆడిటరుతో.

"ఇల్లెక్కడుంటే ముందక్కడ కట్టాలండీ. ఆ రసీదు చూపిస్తే ఇక్కడ తగ్గిస్తారు. ఐదేళ్ళలో అద్దెకిచ్చింది ఎన్ని రాత్రులు, మీరున్నది ఎన్ని?"

"తెలిసినవాళ్ళకే ఇచ్చాం. రాసుకోలేదు."

"అయితే ఐదేళ్ళూ, ప్రతి రాత్రీ అద్దెకిచ్చినట్టే చూస్తారు. ఇల్లమ్మితే గానీ తీరదు."

తల్లి దిగ్గున లేచింది. "మెట్ల కింద బుట్ట!"

ఆ దేశపు పన్ను ఆఫీసులో అధికారి చిప్పల్ని బల్ల మీద పరిచాడు. గదంతా సముద్రపు వాసన. తేదీల్ని పడవ టిక్కెట్ల జాబితాతో సరిచూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు.

ఒక్క రాత్రి కూడా తేడా రాలేదు.

"పన్ను వీటి ప్రకారం కడితే చాలు. ఇల్లు అమ్ముకోనక్కర్లేదు."

ఒళ్ళోని పిల్ల ఒక నల్ల చిప్పను గుప్పిట్లో పట్టుకుంది. ఈసారి తల్లి లాక్కోలేదు.

"ఇవి దాచింది మా ఇల్లూడ్చే పెద్దమ్మండీ. ఎక్కడుందో కనుక్కోగలరా? ఒక్కసారి కనబడితే..."

అధికారి ఒక తెల్ల చిప్పను వెలుతురుకు పట్టి, లోపలి అంకెల్ని చాలాసేపు చూశాడు.

"ఈ చేతిరాత మాకు కొత్త కాదమ్మా. ఆవిడ పోయిన నెలే కన్నుమూసింది."

పాత ఫైలొకటి తెరిచి, ఆఖరి సంతకాన్ని ఆమె వైపు తిప్పాడు.

"రాత్రుల లెక్క చూపించలేక, ఆ ఇంటిని మా వేలానికి వదిలేసుకున్న మనిషి ఆవిడే."