తిట్టడం మానేసిన తమ్ముడు

తమ్ముడూ, బాగున్నావా? జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు.

నువ్వు మీ ఊళ్లో ఇంట్లోనే కూచుని నా కొట్టు ఆర్డర్లు చూస్తావు. మనం ముఖాలు చూసుకున్నది లేదు. పొద్దున్నే ఫోన్లో కాసేపు సొల్లు రాసుకున్నాకే పని. “ఏం ముసలోడా, ఇంకా ఉన్నావా?” అని మొదలెట్టేవాడివి. ఆ సొల్లుతోనే నీమీద కొట్టు వదిలేసేంత నమ్మకం కుదిరింది.

ఈమధ్య “మీ ఆరోగ్యం ఎలా ఉందండీ?” అంటున్నావు. ఆర్డర్లలో తప్పు లేదు, ఒక్క తిట్టూ లేదు. అనుమానమొచ్చి, మీ వైపొచ్చే లారీ డ్రైవరుని మీ ఇంటికి పంపాను.

తమ్ముడూ అని ఈ నంబరుకి రాయడం ఇదే ఆఖరు.

చెల్లెమ్మా, మొగుడు పోయిన ఇంట్లో కూచుని, వాడి పేరుతో నా ఆరోగ్యం ఎలా అడిగావమ్మా? చెబితే పని పోతుందనుకున్నావా? పని నీదే. నీ పేరుతోనే చెయ్యి. నిన్నూ పిల్లల్నీ చూడ్డానికి ఎప్పుడు రమ్మంటావు?